పీకాలా, ఉంచాలా? – మన పెరటి కలుపు వెనక ఉన్న చరిత్ర

జూన్‌లో హాస్టల్ తెరవగానే మాకు మొదట ఎదురయ్యే పని కలుపు. రెండు వానలు పడితే చాలు, బోరింగు చుట్టూ, వంటగది వెనక, ప్రహరీ పొడవునా మోకాలెత్తు మొలకలు లేస్తాయి. తనిఖీకి ఎవరో వస్తున్నారని కబురు అందితే పిల్లలను వరుసలో నిలబెట్టి "మొత్తం పీకేయండి, గ్రౌండ్ నున్నగా కనపడాలి" అని చెప్పినవాళ్లం మేమే. చాలా ఏళ్లు అలాగే చెప్పాం.

ఒక ఆదివారం మనవరాలిని చూడటానికి ఒక అవ్వ వచ్చింది. గేటు పక్కన పిల్లలు పోసిన కుప్ప దగ్గర ఆగిపోయింది. "ఇదేంది బిడ్డా, ఇంత కూర పారేసిండ్రు?" అంది. మేము నవ్వి ఊరుకున్నాం. ఆమె మాత్రం అక్కడే కూర్చుని కుప్పను ఏరడం మొదలుపెట్టింది. గునుగు లేత చిగుళ్లు ఒక పక్కన పెట్టింది. చెంచలి కూర, తుమ్మి కూర, తగిరిస లేతాకు ఇంకో పక్కన. గరిక, ఇతర గడ్డి పశువులకని వేరే. మిగిలినదాన్ని కాలితో దూరంగా నెట్టింది. అరగంటలో కుప్ప నాలుగు కుప్పలైంది. ఆ రోజు మా మెనూలో ఆకుకూర పప్పు ఉంది. బజారు నుంచి ఆకుకూర రాలేదని అందులో ఆలుగడ్డ వేసి వండించాం. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు కానీ మాకు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఉపాధ్యాయ శిక్షణలో కలుపు మొక్క అంటే ఏమిటో మేము రాసుకున్నాం: పంటతో నీటికి, ఎరువుకు, ఎండకు పోటీపడే అవసరం లేని మొక్క. పరీక్షకు అది సరిపోయింది. అవసరం లేదని తేల్చింది ఎవరు అనే ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. మన ప్రాంతంలో ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. యువత దాన్ని తెలుసుకోవాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఆదిలాబాద్ కొండల మీద కొలాములు, నాయక్‌పోడ్‌లు ఒకప్పుడు పోడు చేసేవారు. పొదలు నరికి, ఎండబెట్టి, కాల్చి, నాగలి లేకుండానే విత్తేవారు. పోడులో కలుపుకు మందు నిప్పే. మంట నేల పైపొరలోని విత్తనాలను చాలావరకు కాల్చేస్తుంది. మొదటి ఏడు కలుపు తక్కువ, రెండో ఏడు కొంత ఎక్కువ. గడ్డి పంటను మించిపోయే సమయానికి ఆ చెలక వదిలి వేరే చోటికి పోయేవారు. వదిలిన చోట అడవి మళ్లీ లేచేది. కలుపు పెరిగిందంటే, ఇక్కడ మన పని అయిపోయింది, నేలకు విశ్రాంతి కావాలి అని గుర్తు. దాన్ని శత్రువుగా చూడాల్సిన అవసరం అంతగా రాలేదు.

20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో నిజాం ప్రభుత్వం అడవిని రిజర్వు చేసి హద్దురాళ్లు పాతడంతో ఈ తిరుగుడు ఆగిపోయింది. ఆ హద్దుల మీద, భూమి మీద సాగిన పోరులోనే 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాడు. ఆ తరువాత ఇక్కడికి వచ్చిన హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉండి మన బతుకులను రాశాడు. 1945లో వచ్చిన ఆయన నివేదికలోనూ, 1948లో వచ్చిన రాజ్‌గోండుల పుస్తకంలోనూ అడవి హద్దుల వల్ల ఊళ్లు ఎలా ఖాళీ అయ్యాయో, కొలాములు కొండ సేద్యం ఎలా పోగొట్టుకున్నారో ఉంది. మనం ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కదలకుండా ఒకే చెలకలో ఏటా విత్తాల్సి వచ్చినప్పుడే కలుపు ఏటా తీయాల్సిన పనైంది. అదే కాలంలో అడవిలో కూడా ఒక రకం కలుపు తీత నడిచింది. కలప కోసం టేకును పెంచే అడవుల్లో తీగలు, పొదలు, ధర పలకని చెట్లు అడ్డమని నరికించడం ఆనాటి అటవీ శాఖల పద్ధతి. అడవి మొత్తం ఒక తోటలా మారింది. అందులో ఏది పంట, ఏది కలుపు అనేది దూరాన కూర్చున్నవాళ్లు నిర్ణయించారు.

ఇక మైదానపు చెలకల్లో, అంటే గోండుల నల్లరేగడి చేలల్లో, జొన్న, కంది కలిపి వేసే రోజుల్లో కలుపు తీత ఆడవాళ్ల పని. సాళ్ల మధ్య మగవాళ్లు ఎద్దులతో గుంటుక కొడితే, మొక్క మొదట్లో మిగిలినదాన్ని ఆడవాళ్లు కుర్పితో తీసేవారు. మా అమ్మల తరం దాకా ఇది మేము చూసిందే. పొద్దున చేనుకు పోయిన మనిషి సాయంత్రం ఒడిలో కూర, నెత్తిన గడ్డి మోపుతో తిరిగొచ్చేది. చేతిలోకి వచ్చిన ప్రతి మొక్కనూ చూసి ఇది కూరకు, ఇది లేగదూడకు, ఇది గట్టు మీదికి అని ఏరడమే కలుపు తీయడం. విత్తనానికని ఒకటి రెండు మొక్కలు గట్టున వదిలేసేవారు కూడా. వానకాలం మొదట్లో, ఇంట్లో గింజలు అడుగంటిన వారాల్లో, చాలా ఇళ్లు గడిచింది ఈ కూరలతోనే. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు సాగు చేయని కూరల పండుగలు జరిపి, చేలో తానుగా మొలిచే ఆకుకూరలను పెద్ద జాబితాగా పోగు చేశారు. మన జిల్లాల్లోనూ అలాంటి పని జరగాలని మా కోరిక.

గునుగునే చూడండి. బతుకమ్మలో తంగేడు తరువాతి స్థానం దానిదే. కరీంనగర్, జగిత్యాల వైపు ఊళ్లలో పెత్రమాసకు ముందే పిల్లలు చేలల్లో తిరిగి గునుగు కోసుకొచ్చేవారు. అదే గునుగు వ్యవసాయ పుస్తకంలో జొన్న చేలో కలుపు. పశ్చిమ ఆఫ్రికాలోని నైజీరియాలో అదే మొక్కను మడులు కట్టి, నీళ్లు పెట్టి ఆకుకూరగా పండిస్తారు. యొరుబా ప్రజలు దాన్ని సోకో అంటారు. జొన్న వేళ్లను పట్టి రసం పీల్చే స్ట్రైగా అనే పరాన్న మొక్కను గునుగు తగ్గిస్తుందని ఆఫ్రికాలో పరిశోధనలు జరిగాయి. మొక్క ఒకటే. ఒక దేశంలో మడిలో ఉంది, ఒక చోట పూజలో ఉంది, ఒక పుస్తకంలో పీకాల్సిన జాబితాలో ఉంది.

తంగేడు కథ కూడా ఇలాంటిదే. దాని బెరడుతో తోళ్లు ఊనేవారు. పడావు నేలల్లో ఎవరూ నాటకుండా పెరిగిన పొద అది. 2014 నవంబరులో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. అయినా ప్లాట్లకు నేల చదును చేసేటప్పుడు జేసీబీ మొదట లేపేది ఆ పొదలనే. ఇప్పుడు పట్నాల్లో బతుకమ్మకు గునుగు, తంగేడు కట్టలు కొనుక్కుంటున్నారు.

అలాగని తానుగా మొలిచిన ప్రతిదాన్నీ కాపాడమని మేము చెప్పడం లేదు. వయ్యారిభామను చూస్తే మాకు జాలి లేదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1955లో పుణె దగ్గర గుర్తించారు. దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందని చెబుతారు, కాంగ్రెస్ గడ్డి అనే పేరు అలా పడిందని కొందరంటారు. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది. తాకితే కొందరికి చర్మం మీద దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం. పశువులు తినవు, పక్కన ఇంకో మొక్కను ఎదగనివ్వదు. దాన్ని తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరు దగ్గర వదిలారు. వానలకు కొన్ని చోట్ల ఆ పురుగు పని చేస్తుంది, కానీ దాని మీదే ఆధారపడితే సరిపోదు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకాలి. ఈ పనికి మేము చిన్న పిల్లలను పంపం. ఆయాసం ఉన్న పిల్లలను అసలే పంపం.

లాంటానాది ఇంకా పాత కథ. మనవైపు పులికంప, గాజుకంప అంటారు. రంగురంగుల పూలు ముద్దొస్తున్నాయని 1800ల తొలి ఏళ్లలో బ్రిటిష్ వాళ్లు కలకత్తా వృక్షోద్యానానికి తెచ్చిన తోట మొక్క అది. పిట్టలు పండ్లు తిని విత్తనాలను అడవికి చేర్చాయి. ఇవాళ కంప పరుచుకున్న చోట గడ్డి ఉండదు. గడ్డి లేకపోతే జింకకు మేత లేదు, మన పశువుకూ లేదు. దాని ఆకు తింటే పశువు జబ్బు పడుతుంది. తోట కోసం ముచ్చటపడి తెచ్చిందే అడవికి పెద్ద కలుపైంది.

ఇక్కడ మన పిల్లలు ఒక తప్పు చేస్తుంటారు, బయటి నుంచి వచ్చినదంతా చెడ్డదని తేల్చేస్తారు. బతుకమ్మలో పెట్టే బంతి మెక్సికోది. గుమ్మడి, మక్క, మిరప అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. దెబ్బ తగిలితే మనం నలిపి రసం పిండుకునే గడ్డి చేమంతి కూడా ఆ వైపుదే, దాన్ని గాయపాకు అని మన మందుల్లో కలిపేసుకున్నాం. ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, వచ్చి ఏం చేస్తోందని పెద్దవాళ్లు చూశారు. ఉమ్మెత్త చూడండి. మందు తెలిసిన తాత పెరట్లో ఒక మూల దాన్ని ఉంచుకుంటాడు. మా హాస్టల్లో మాత్రం చిన్న పిల్లలు కాయలు నోట్లో పెట్టుకుంటారన్న భయంతో కనపడగానే తీసేస్తాం. రెండూ సరైన పనులే.

తగిరిస మాకు చాలా వాదన తెచ్చింది. లేతాకు కూర. ముదిరితే పశువు కూడా ముట్టదు, గ్రౌండంతా పరుచుకుంటుంది. మధ్య భారతంలోని పులుల అడవుల్లో గడ్డి మైదానాలు పెంచేవాళ్లు దాన్ని పీకిస్తారు. మరోవైపు వయ్యారిభామను అణచడానికి తగిరిస విత్తనాలు చల్లమని వ్యవసాయ శాస్త్రవేత్తలే సలహా ఇస్తారు, ఎందుకంటే అది ముందే గుబురుగా లేచి వయ్యారిభామకు చోటివ్వదు. ఏం చేయాలి? మేము ప్రహరీ అవతలి అంచున ఉంచి, ఆట స్థలంలో తీసేస్తున్నాం. వచ్చే ఏడు ఈ నిర్ణయం మారవచ్చు.

అన్నిటికంటే పెద్ద మార్పు మా కళ్ల ముందు వచ్చింది. జొన్న చోటికి పత్తి వచ్చింది. కలుపుకు కూలీలు దొరకడం లేదని, కూలి గిట్టడం లేదని కలుపు మందు వచ్చింది. రైతును తప్పు పట్టలేం. రెండెకరాల పత్తికి రెండుసార్లు కలుపు తీయించిన ఇంటికి తెలుస్తుంది ఆ ఖర్చు. కానీ మందు ఏరదు. గునుగును, గరికను, చెంచలిని, వయ్యారిభామను అన్నింటినీ ఒకే తీరుగా చూస్తుంది. గ్లైఫోసేట్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న వాటిలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వర్గీకరించింది. శిక్షణ ఉన్న తెగుళ్ల నియంత్రణ ఆపరేటర్లు తప్ప ఎవరూ దాన్ని కొట్టకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మన చేలల్లో డబ్బా భుజానికి తగిలించుకుని కొడుతున్నది ఎవరో మీకు తెలుసు. ఒక మాట గట్టిగా చెబుతున్నాం: మందు కొట్టిన చేలో, దాని గట్టు మీద కూర ఏరకండి. ఎంత లేతగా కనపడినా వద్దు.

మందుతో పాటు పోయేది మొక్క ఒక్కటే కాదు. ఏరడం ఆగితే పేరు చెప్పాల్సిన అవసరం ఆగిపోతుంది. మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్లలకు ఇరవై మొక్కలు చూపిస్తే, వయ్యారిభామను అందరూ గుర్తుపట్టారు. తుమ్మిని నలుగురు. చెంచలిని ఒక్కతే గుర్తుపట్టింది, అదీ వాళ్ల అవ్వతో చేనుకు పోయే పిల్ల.

2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊళ్లోని మొక్కలను, వాటి వాడకాన్ని రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3లో జీవవైవిధ్యానికి సంబంధించిన మన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కు కూడా ఉంది. పోడు పట్టాల గురించి అడిగినంతగా దీని గురించి ఎవరూ అడగరు. మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. తెరిచి చూసి, అందులో మీ అవ్వ చెప్పే పేర్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించండి.

మేము చేస్తున్నది చిన్న పని. మంచి వాన పడిన పది రోజులకు, కలుపు తీయకముందు, పిల్లలు ఒక నోటుబుక్కు పట్టుకుని ప్రహరీ లోపల ఒక చుట్టు తిరుగుతారు. ఒక్కో మొక్కకు ఒక పేజీ. తెలుగు పేరు, గోండి పేరు, కొలామి పేరు, లంబాడీ పేరు, ఎవరు చెప్పారు, దేనికి వాడతారు. కూర అయితే వంటావిడ చూసి సరే అన్నాకే కోస్తాం. ఆమె తల ఊపకపోతే వంటగదిలోకి రాదు. పీకాలా ఉంచాలా అనేది ఆ తరువాత కూర్చుని తేల్చుకుంటారు. గొడవలు అవుతాయి. లంబాడీ పిల్ల కూర అన్నదాన్ని కొలాం పిల్లాడు మేక మేత అంటాడు.

ఈ ఏడు బోరింగు పక్కన ఒక మొక్క లేచింది. సన్నటి ఊదా పూలు, ఆకు వాసన చూస్తే కొంచెం జీలకర్రలా ఉంది. పిల్లలకు తెలియదు, మాకూ తెలియదు, వంటావిడకూ తెలియదు. దాని చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి ఉంచాం. పేజీలో బొమ్మ గీసి పేరు చోటు ఖాళీగా వదిలారు. రెండో ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు, అవ్వలు ఎవరైనా వస్తే చూపించాలని అనుకుంటున్నారు.