బాప్తిస్మమునకై పదిహేను నెలలు

బాప్తిస్మము పొందకుండ మరణించిన విశ్వాసికి రక్షణ కలదా? మన సంఘములలో పెద్దలు నలుగురు కూర్చున్నచోట ఈ ప్రశ్న రాక మానదు. సమాధుల తోటలో స్థలమిచ్చు విషయమున మొదలైన మాటయు చివరకు ఇక్కడికే వచ్చును. ఒకరు మార్కు సువార్త 16వ అధ్యాయము తీయుదురు. మరియొకరు సిలువమీది దొంగను చూపుదురు. ఇద్దరును తమ తమ వాక్యముతోనే ఇంటికి పోవుదురు.

మేము వాక్యమునకు వాక్యము ఎదురు పెట్టబోము. ఒకప్పుడు మన తెలుగు నేలమీదనే ఈ ప్రశ్న వేలమంది ప్రాణములతో ముడిపడి నిలిచినది. అది ఒంగోలు బాప్టిస్టు సహోదరుల చరిత్రయే గాని మన డయోసీసుది కాదు. అయినను అది మనము తెలిసికొనదగిన సంగతి.

అమెరికన్ బాప్టిస్టు మిషను వారు 1840లో నెల్లూరు చేరిరి. ఏండ్ల తరబడి ఫలము స్వల్పమే. 1866లో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండెను. తాళ్ళకొండపాడు వాసియు మాదిగ కులస్థుడును అయిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారము చేయువాడు. ఆయన ఆ యేడే బాప్తిస్మము పొంది, తన బంధువుల పల్లెలన్నిట సువార్త చెప్పెను. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడినది. తరువాతి పదేండ్లలో వాడవాడకు వ్యాపించినది. దొరలు నాటిరని మనము చెప్పుకొను సంఘములలో చాలవరకు నాటినది పేరయ్యవంటి వారే.

1876లో వానలు తప్పినవి. ఆ కరవు 1878 వరకు మద్రాసు రాష్ట్రమును కాల్చివేసినది. జనులకు పని కల్పించుటకై ప్రభుత్వము బకింగ్‌హాం కాలువను త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు యౌవనమున సర్వేపని చేసినవాడు గనుక ఆ కాలువలో కొంతభాగము త్రవ్వించుటకు కంట్రాక్టు తీసికొనెను. తన బోధకులనే మేస్త్రీలుగా నిలిపెను. ఎముకలగూడులవలె వచ్చిన వేలమంది పగలు మన్ను మోసి కూలి పొందిరి. పని ఆగినప్పుడు ఆ మేస్త్రీలే వారి ప్రక్కన కూర్చుండి క్రీస్తునుగూర్చి చెప్పిరి.

వినినవారు బాప్తిస్మమిమ్మని అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. అన్నము కొరకు నీళ్ళలో దిగుదురేమోయను భయముచేత, 1877 మార్చి మొదలు పదిహేను నెలలు బాప్తిస్మములు ఆపివేసెను.

చదువరులు ఇచ్చట కొంచెము ఆగవలెను. ఆ నెలలలో జనులు ఆకలితోను కలరాతోను రాలిపోవుచుండిరి. నమ్మి, అడిగి, పొందకయే కన్నుమూసిన వారు వారిలో ఉండక తప్పదు. మన ప్రార్థనా గ్రంథ సంప్రదాయములో ప్రాణాపాయముననున్న శిశువునకు ఇంటియొద్దనే ఆలస్యములేక బాప్తిస్మమిచ్చు క్రమము కలదు. ఆ క్రమమున పెరిగిన గురువొకడు ఆ కాలువగట్టున ఉన్నయెడల ఏమి చేసియుండును? చెంబుతో నీళ్ళు తీసికొని పరుగెత్తియుండుననియే మా తలంపు. దానిని తప్పనలేము. అది కూడ ప్రేమయే.

అయితే నీరే రక్షించునని నమ్మినవాడు ఎవడును అంతమంది మృత్యుముఖమున ఉండగా పదిహేను నెలలు ఊరకుండలేడు. క్లౌ దొరగారు ఆపగలిగినది ఎందువలన? రక్షించువాడు ప్రభువనియు, బాప్తిస్మము ఆ రక్షణకు విధేయతతోకూడిన సాక్ష్యమనియు ఆయన ఎరుగును గనుక. కొర్నేలీ యింట పరిశుద్ధాత్మ ముందు దిగెను, నీళ్ళు తరువాత వచ్చెను గదా! అట్లని పేతురు నీళ్ళు అక్కరలేదనలేదు. ఈ రెండవ మాటను మనలో కొందరు మరచుచున్నారు. హృదయములో నమ్మిన చాలుననువారికి ఒంగోలు ప్రజలే జవాబు.

1878 జూన్‌లో దొరగారు క్రైస్తవులను మాత్రమే కూటమునకు పిలిచెను. సహాయపు సొమ్ము అయిపోయినది, మిగిలినవారు రావలదని ముందే చెప్పి పంపెను. ఒంగోలుకు ఉత్తరముగా సుమారు పది మైళ్ళ దూరమున, గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లికి వారందరును వచ్చిరి. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మము కావలెనని పట్టుపట్టిరి. దొరగారు ఇంకను జంకెను. చివరకు ఒప్పుకొనక తప్పలేదు.

ఇచ్చుటయు గుంపుగా ఇచ్చుట కాదు. ఏ పల్లెవారిని ఆ పల్లె బోధకుడే ఎరుగును. ఆ బోధకులు ఒక్కొక్కరిని విచారించి పేర్లు వ్రాసిరి. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది నదిలో దిగిరి. జులై 3న బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నీళ్ళలో నిలిచి, అలసినప్పుడు మరి ఇద్దరు దిగుచు, మధ్యాహ్నము కొంతసేపు ఆగి, సాయంకాలమునకు ముగించిరి. పెంతెకొస్తు దినమున మూడువేలమందిని ముంచుట సాధ్యమా అను పాత వాదమునకు బాప్టిస్టులు ఈ లెక్కనే జవాబుగా చూపుదురు. మాకు ఆ వాదముతో పనిలేదు. క్లౌ దొరగారు ఆ దినమున తన చేతులతో ఒక్కరికైనను బాప్తిస్మమియ్యలేదు. అంతకుముందు సంవత్సరము కాలువగట్టున మేస్త్రీలుగా నిలిచిన తెలుగు బోధకులే ఇప్పుడు గుండ్లకమ్మ నీళ్ళలో నిలిచి, ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలిచిరి.