వైర్‌లెస్ మీట ఎవరి చేతిలో?

నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అంచున ఉంటుంది లింగాల. మండల కేంద్రం దాటి అప్పాపూర్ చెంచు పెంటల వైపు అడవిలోకి వెళ్లేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు తగ్గిపోతుంటాయి. అలాంటి చోట ల్యాప్‌టాప్ తెరిస్తే, లోపలి వై-ఫై చిప్ దొరకని నెట్‌వర్క్ కోసం వెతుకుతూ బ్యాటరీని తింటుంది. లైనక్స్ వాడేవాళ్లు నల్లటి టెర్మినల్‌లో ‘ఆర్‌ఎఫ్‌కిల్ బ్లాక్ ఆల్’ అని కొడితే చాలు, వై-ఫై, బ్లూటూత్ రెండూ నోరు మూస్తాయి. ఈ చిన్న అధికారం మామూలు మనిషి చేతికి రావడానికి చాలా ఏళ్లే పట్టింది.

మొదట వైర్‌లెస్ మీట సర్కారుది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. లింగాల అప్పట్లో నిజాం ఏలుబడిలో ఉంది. ఈ చట్టం ఇక్కడికి స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది. పాటలు వినే రేడియోకు కూడా పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టాల్సిందే. 1980ల దాకా ఆ తతంగం సాగింది. వై-ఫైకి ప్రాణమైన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని ఇంటా బయటా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని కేంద్రం చెప్పింది 2005 జనవరిలో. 5 గిగాహెర్ట్జ్ పట్టీ చాలావరకు ఆరుబయటికి రావడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

సర్కారు వదిలిన మీటను ల్యాప్‌టాప్ కంపెనీలు పట్టుకున్నాయి.

2003లో ఇంటెల్ సెంట్రినో వచ్చాక వై-ఫై లేని ల్యాప్‌టాప్‌లు అరుదైపోయాయి. విమానంలో ఆపాలి కాబట్టి పక్కన ఒక బుల్లి మీట పెట్టారు. చిక్కంతా అక్కడే. ఒక కంపెనీ మీట నేరుగా వై-ఫై చిప్‌లోని రేడియోనే ఆపేస్తుంది. ఇంకో కంపెనీది ‘ఎవరో నొక్కారు’ అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు కబురు పంపి ఊరుకుంటుంది. లైనక్స్‌లోనూ ఏ డ్రైవర్ దారి దానిదే. వై-ఫై ఆపాలంటే జాన్ తురియ్ రాసిన పనిముట్లలోని ‘ఐడబ్ల్యూకాన్ఫిగ్’, బ్లూటూత్‌కైతే ‘హెచ్‌సీఐకాన్ఫిగ్’. ఇంటెల్ ఐపీడబ్ల్యూ2200 డ్రైవర్‌లో ‘ఆర్‌ఎఫ్_కిల్’ అనే ఫైలు ఉండేది. తెరిచి చూస్తే అందులో ఒకే ఒక్క అంకె. 0 అంటే రేడియో నడుస్తోంది, 1 అంటే సాఫ్ట్‌వేర్ ఆపింది, 2 అంటే మీట ఆపింది, 3 అంటే రెండూ కలిసి ఆపాయి. అంకె 3 అయితే మీట ఒక్కటే తిప్పితే రేడియో లేవదు. దీన్ని గుర్తుపెట్టుకోవడం వాడేవాడి వంతు!

ఈ గందరగోళానికి ఐవో వాన్ డోర్న్ 2007లో ఒక దారి వేశాడు. రేడియోలన్నిటికీ ఉమ్మడిగా ఆర్‌ఎఫ్‌కిల్ అనే ఏర్పాటు లైనక్స్ కెర్నల్‌లో చేరింది. 2009లో జోహానెస్ బెర్గ్ దాన్ని తిరగరాసి, టెర్మినల్ నుంచి వాడే పనిముట్టును కూడా ఇచ్చాడు. 2017లో అది యుటిల్-లైనక్స్ మూటలో కలిసింది. 

కొత్త ఏర్పాటు పాత 1, 2 అంకెల తేడాను మాత్రం చెరపలేదు, చెరపకపోవడమే మంచిదైంది. ‘సాఫ్ట్’ అంటే సాఫ్ట్‌వేర్ వేసిన అడ్డు. ‘అన్‌బ్లాక్’ అంటే తొలగిపోతుంది. ‘హార్డ్’ అంటే చేతి మీట వేసిన అడ్డు. దాని ముందు ఏ ఆదేశమూ పనిచేయదు, అడ్మిన్ అధికారమిచ్చే సుడో పెట్టి అరిచినా సరే. పైగా లైనక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీ ఉన్న యంత్రాల్లో సాఫ్ట్ అడ్డు రీబూట్ తర్వాత కూడా గుర్తుంటుంది. నిన్న ఆపి మరిచిపోయినవాడు ఇవాళ చిప్ కాలిపోయిందని బెంబేలెత్తేది అందుకే.

కాబట్టి వై-ఫై మాయమైతే ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కించే ముందు, రిపేరు షాపుకు పరుగెత్తే ముందు, ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ అని ఒక్కసారి కొట్టి చూడండి. హార్డ్ దగ్గర ‘యెస్’ అని ఉంటే ల్యాప్‌టాప్ అంచు తడిమి చూడండి. చాలా పాత ల్యాప్‌టాప్‌లలో మీట అక్కడే ఉంటుంది.