కాశ్మీర లోయ: ఖానఖా నీడలో పెరిగిన పనితనం

పీర్ పంజాల్ పర్వతాలకూ హిమాలయ శ్రేణికీ నడుమ, జీలం నది తడిపే కాశ్మీర లోయ పొడవు దాదాపు 135 కిలోమీటర్లు. దాని అందాన్ని పొగిడినవారు ఎందరో ఉన్నారు. ఆ లోయ ప్రజల చేతుల్లో ఆరు శతాబ్దాలుగా నిలిచిన పనితనం వారి విశ్వాసంతో ఎలా ముడిపడిందో విచారించినవారు మాత్రం తక్కువ.

1320లో కాశ్మీర సింహాసనం ఎక్కిన లడఖీ బౌద్ధుడు రించన్, బుల్‌బుల్ షాగా ప్రసిద్ధులైన సయ్యద్ షర్ఫుద్దీన్ చేతిమీద ఇస్లాం స్వీకరించి సుల్తాన్ సద్రుద్దీన్ అయ్యాడు. 1339లో షామీర్ వంశపాలన ఆరంభమైంది. ఆ శతాబ్దంలోనే ఇరాన్‌లోని హమదాన్ నుండి మీర్ సయ్యద్ అలీ హమదానీ (1314–1385) లోయకు విచ్చేశారు. పాలకుల బాధ్యతలను వివరించే 'జఖీరతుల్ ములూక్' వారి రచనే. వారి వెంట పలువురు చేతిపనివారు వచ్చారనీ, వారు స్వయంగా టోపీలు కుట్టి జీవించేవారనీ కాశ్మీరీ సంప్రదాయం చెబుతుంది. ప్రవక్త దావూద్ (అ) తమ చేతి కష్టంతో జీవించారని ఎరిగిన సమాజానికి ఇందులో ఆశ్చర్యం లేదు. ధర్మబోధకుడే పనివాడైనప్పుడు పనికి గౌరవం దానంతటదే వస్తుంది.

వారి స్మృత్యర్థం శ్రీనగర్‌లో జీలం ఒడ్డున వెలసిన ఖానఖాహె ముఅల్లాకు గుమ్మటం లేదు. అంతస్తులుగా లేచే కప్పు, పైన శిఖరం, గోడల నిండా దేవదారు కలప: అంతా స్థానిక వడ్రంగుల రీతి. జామె మసీదు కప్పును మోసేవి దాదాపు 370 దేవదారు స్తంభాలు. హమదానీ కూర్చిన 'అవ్రాదె ఫత్‌హియా'ను లోయలోని అనేక మసీదుల్లో ఫజ్ర్ నమాజు తరువాత బిగ్గరగా పఠించడం ఆచారం.

ఆ సందేశాన్ని రైతు నోటి భాషలోకి తెచ్చినవారు షేఖ్ నూరుద్దీన్. ఆయన కాశ్మీరీలో పద్యాలు చెప్పారు. వారి శిష్యపరంపర 'రిషులు' అన్న పాత పేరునే నిలుపుకొన్నది. హిందువులు ఆయనను నుంద్ రిషి అంటారు. చరారె షరీఫ్‌లోని వారి సమాధి ఉభయులకూ గౌరవస్థానం.

సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ (1420–1470) తండ్రి సికందర్ కాలంలో వలసపోయిన పండితులను వెనక్కు పిలిచాడు, జిజియాను తొలగించాడు. జోనరాజు సంస్కృతంలో 'రాజతరంగిణి'ని కొనసాగించింది ఆయన ఆశ్రయంలోనే. కాగితం తయారీ, కాగితపు గుజ్జుతో చేసే చిత్రవస్తువులు, శాలువాల నేత ఆయన ఆదరణ వల్లనే వర్ధిల్లాయని లోయవాసులు నేటికీ 'బడ్‌షా' అని తలచుకుంటారు.

కానీ శాలువా నేత ప్రత్యేకంగా గమనార్హం. నఖ్ఖాషు బొమ్మ గీస్తాడు. వేరొకడు రంగులు నిర్ణయిస్తాడు. ఏ రంగు దారం ఎన్ని పోగుల మీదుగా పోవాలో మరొకడు గుర్తులతో కాగితం మీద వ్రాస్తాడు. ఆ వ్రాతకు పేరు 'తాలీం', అంటే విద్య. నేతగాళ్లు దానిని వరుసవెంట వరుస చదువుతూ చిన్న కొయ్య కదుళ్లతో నేస్తారు. ఒక్క శాలువాకు ఏడాదికి పైగా పట్టవచ్చు. మగ్గం పాఠశాల అయింది.

అయితే ఈ విద్య నేర్చినవారి బ్రతుకు సుఖంగా సాగలేదు. అఫ్ఘాన్ పాలనలో మొదలైన 'దాగ్ షాల్' పన్ను డోగ్రా పాలనలో మోయరాని భారమైంది. 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్‌లోని జాల్‌డగర్ వద్ద నిరసన తెలిపిన నేతగాళ్లను సైనికులు తరమగా పలువురు కాలువలో పడి మరణించారు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం రావడంతో ఫ్రెంచి బజారు మూతబడింది. 1877–79 కరవు మిగిలినవారిని చెదరగొట్టింది.

చరారె షరీఫ్ దర్గా 1995లో అగ్నికి ఆహుతి కాగా తిరిగి నిర్మించారు. 2017లో ఖానఖా శిఖరం కాలిపోగా దానినీ పునరుద్ధరించారు. పని తెలిసిన చేతులు ఉన్నందువల్లనే ఖానఖా తిరిగి శిఖరం ధరించింది. 2021లో యునెస్కో శ్రీనగర్‌ను చేతిపనుల, జానపద కళల సృజన నగరంగా గుర్తించింది. కాని మరమగ్గపు వస్త్రం చేతినేత పేరున అమ్ముడయ్యేచోట నిజమైన నేతగాని కూలి కుంగిపోతుంది. అతడు బిడ్డకు తాలీం చదవడం నేర్పడు. శ్రామికుని కూలిని ఆలస్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధను పాటించడమే ఈ వారసత్వానికి నిజమైన రక్షణ. కాలిన కట్టడాన్ని మళ్లీ లేపవచ్చు. చదివేవాడు లేని తాలీం వట్టి కాగితమే.