ఒకే గడపకు నలుగురు ఉద్యోగులు

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. ఆరోగ్య శాఖ జిల్లా కార్యాలయంలో గుమాస్తాగా చేరి, బిల్లుల మధ్యే రిటైరైన వాణ్ణి. ఆ బిల్లుల్లో కనిపించిన కొంత చరిత్రను మిత్రులకు మనవి చేస్తాను.

1973లో నేను చేరిన కొత్తలో, టి.ఏ. బిల్లుల్లో ఒకే ఊరి పేరు పదే పదే వచ్చేది. మలేరియా ఉద్యోగి గోడ మీద తేదీ వేసి, జ్వరం ఉన్నవారి రక్తం తీసుకునేవాడు. మశూచి టీకాలవారు వేరు, కుటుంబ నియంత్రణవారు వేరు, కాన్పులు చూసే ఏ.ఎన్.ఎం. వేరు. నలుగురూ ఎక్కేది ఒకే గడప. ఒకరు చూసినది మరొకరికి తెలిసేది కాదు.

చికిత్స, వ్యాధి నివారణ విడిపోకూడదని సర్ జోసెఫ్ భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఆలోచన ఆ నివేదికలోనిదే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ మరో అడుగు వేసి, ఈ విడివిడి ఉద్యోగులను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలుగా మార్చాలని, ప్రతి ఉపకేంద్రంలో ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండాలని సిఫారసు చేసింది. పోస్టుల పేర్లు మారాయి. అయితే డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు ఎవరి చదువు వారు విడిగానే చదివారు.

కలిసి పనిచేయవలసిన వారు చదువుకునేటప్పుడే కొంతైనా కలిసి నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1988లో ఒక నివేదికలో చెప్పింది. 2010లో ఆ మాటనే మరింత వివరంగా చెప్పింది.

దీనివల్ల ఒరిగేదేమిటి అని అడగవచ్చు. ఆపరేషనుకు ముందూ వెనుకా సరిచూసుకోవలసిన 19 అంశాల పట్టికను ఆ సంస్థ 2008లో విడుదల చేసింది. కోత పెట్టకముందు సర్జను, మత్తు డాక్టరు, నర్సు తమ పేరు, పని చెప్పుకోవడం అందులో ఒక అంశం. ఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రుల్లో దీనిని పరీక్షించగా, మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రచురించారు.

పది బల్లలు తిరిగి పది సంతకాలు పడ్డా, ఎవరూ పూర్తిగా చదవని ఫైళ్ళు మనం చూసినవే. ఆసుపత్రిలో ఆ ఫైలు మనిషి ప్రాణం.

మన వయసులో గుండెకు ఒక డాక్టరు, షుగరుకు ఒకరు, మోకాళ్ళకు ఒకరు. నొప్పులకు వాడే కొన్ని మాత్రలు రక్తపోటును పెంచుతాయి, మూత్రపిండాలకు చేటు చేస్తాయి. ఆ సంగతి ఒక డాక్టరు చీటీ చూసి మరో డాక్టరు గ్రహించాలంటే, ఆ చీటీ ఆయన ముందుండాలి కదా! కనుక వాడే మందులన్నీ ఒకే కాగితం మీద వ్రాసి, ప్రతి డాక్టరుకూ, మందుల షాపులో ఫార్మసిస్టుకూ చూపించండి. పెన్షను కాగితాలను ఎంత భద్రంగా దాచుకుంటామో, ఈ కాగితాన్నీ అంత భద్రంగా ఉంచుకోవాలని, అది ఎక్కడుందో ఇంట్లోవారికీ చెప్పి ఉంచాలని నా మనవి.