బోర్డు అను మాట

మన వాడుకలోనికి వచ్చిన యింగ్లీషు మాటలలో గొన్ని, అర్థ మడుగ నక్కఱలేనంతగా మనకు సొంతములై పోయినవి. వానిలో 'బోర్డు' ఒకటి. తిరుపతి వీథిలో నడచువానికి దుకాణముపై గనబడునది బోర్డు. బస్సు నొసట నుండునది బోర్డు. పిల్లలు క్యారమ్సు ఆడునది బోర్డు. పరీక్షలు జరపునది బోర్డు. కొండమీది దేవస్థానమును నడపునదియు బోర్డే. జనుల సొమ్ము దండుకొని రాత్రికి రాత్రి మాయమైన వ్యాపారిని గూర్చి 'బోర్డు తిప్పివేసినాడు' అందురు. ఒక్క చెక్కముక్క యిన్ని రూపము లెట్లు దాల్చినది? ఈ ప్రశ్న పండితుల వినోదమునకు మాత్రమే గాదు. మన సీమ పరిపాలన చరిత్రయు, మన యిండ్లకు సంబంధించిన యొక న్యాయమును ఇందు గలవు.

ప్రాచీనాంగ్ల భాషలో 'బోర్డ్' అనగా పలక. డాలునకును, ఓడ ప్రక్కకును అదియే పేరు. పలకకు కాళ్లు పెట్టగా బల్ల యైనది. బల్లపై వడ్డించిన యన్నమునకును ఆ పేరే కలిగినది. డబ్బిచ్చి యొకరి బల్లకడ భుజించువాడు బోర్డరు. విద్యార్థులు తిని నిద్రించు చోటు బోర్డింగు. తుదకు బల్లచుట్టు కూర్చుండి యాలోచన చేయువారే బోర్డైరి. కొయ్యకు గల పేరు మనుష్యుల కెక్కినది.

మన భాషలలో నిట్టి పోకడ లేకపోలేదు. సంస్కృతమున 'ఫలకము' పలకయు నగును, డాలును అగును. అమరసింహుడు దానిని డాలు పేళ్లలో జేర్చినాడు. మన 'పలక' దానికి చుట్టమే. అయినను ఫలకము కొయ్యగానే నిలిచిపోయినది, సభ కాలేదు. మనలో నధికారమునకు బేరైనది 'పీఠము'. అన్నమునకు గూర్చుండు పీటయు, మఠాధిపతి యధిష్ఠించు పీఠమును ఒక్క మాటయే. ఇచట నొక భేదము గమనింపదగియున్నది. పీఠముపై నొక్కడే కూర్చుండును. బల్లచుట్టు పలువురు కూర్చుందురు. పీఠము కెదుట నిలువబడవలెను. బల్లకడ నెదురెదురుగా గూర్చుండవచ్చును.

ఐనను మన సీమకు బోర్డు వచ్చినది బల్లగా గాదు, హుకుముగా. మదరాసులో రెవిన్యూ బోర్డు 1786లో నేర్పడినది. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము కుంఫిణీవారి పాలైనప్పుడు తిరుమల యాదాయమును వారి చేతికే వచ్చినది. 1817 నాటి యేడవ రెగ్యులేషను దేవాలయ ధర్మాదాయముల పర్యవేక్షణ నంతటిని ఆ బోర్డునకే యొప్పగించెను. బల్ల మదరాసులో నున్నది, కూర్చున్నవారు దొరలు, కానుక లిచ్చిన వారికి దానికడ చోటు లేదు. కావున బోర్డనగా గంటికి గనబడని యధికారమని మన పెద్దల మనస్సున నాటుకొన్నది.

హిందూ దేవాలయముల నిర్వాహమునుండి క్రైస్తవ ప్రభుత్వము తొలగవలెనని యింగ్లండులో నాందోళనము కలుగగా, 1843లో తిరుమల యధికారమును హాథీరాంజీ మఠము మహంతు సేవాదాసుగారి కప్పగించిరి. అనగా బోర్డు పోయి పీఠము వచ్చినది. తొంబది యేండ్లు మహంతుల నిర్వాహము సాగినది. ఆ కాలమున వ్యాజ్యములు పుట్టి, న్యాయస్థానములే నిర్వాహమునకు నిబంధనములు చేయవలసి వచ్చెను. 1933లో శాసనముచే దేవస్థాన సమితి యేర్పడినది. 1951 నాటి చట్టముతో ధర్మకర్తల బోర్డు వచ్చినది. మొదటి బోర్డునకును దీనికిని మాట యొక్కటియే, అర్థము వేఱు. మొదటిది దూరమునుండి యాజ్ఞాపించినది. రెండవది కూర్చుండి లెక్క చెప్పవలసినది. చెప్పుచున్నదా యని యడుగుట భక్తుల హక్కు.

పల్లెలకు బోర్డు మఱియొక త్రోవను వచ్చినది. 1884 నాటి మదరాసు చట్టము జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను గల్పించెను. చిత్తూరు జిల్లా 1911లో నేర్పడినది. మొదట కలెక్టరే జిల్లా బోర్డునకు అధ్యక్షుడు. క్రమముగా నెన్నికలు వచ్చినవి. బాటలు, బావులు, వైద్యశాలలు, బడులు ఈ బోర్డుల పనులు. 1959 చట్టముతో జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు వచ్చినను, తాము చదివినది 'బోర్డు హైస్కూలు' అని చెప్పుకొను వృద్ధు లింకను గలరు. ఎన్నడో మదరాసు దొరల కుర్చీకి పేరైన మాట, ఊరి పిల్లవాని నల్లబల్లకు బేరగుట చిన్న మార్పు గాదు.

1992లో జరిగిన రాజ్యాంగ సవరణచే స్థానిక సంస్థలలో మూడవ వంతు స్థానములు స్త్రీలకు లభించినవి. పిదప మన రాష్ట్రమున నది సగమైనది. చట్టము కుర్చీ వేసినది. కాని భార్య గెలిచిన కుర్చీలో భర్త కూర్చుండుటయు, ఆమె సంతకము మాత్రము చేయుటయు మన మెఱుగని విషయములు గావు. అచట బల్ల కలదు, బోర్డు లేదు.

దీనికి మూల మెచట నున్నది? మా యభిప్రాయమున నింటిలోనే యున్నది. పురుషులు పీటలపై గూర్చుండి ముందు భుజించి లేచిన పిదప, మిగిలినదానితో స్త్రీలు తినెడి యిండ్లు నేటికిని లేకపోలేదు. భూమి యమ్ముటయో, బిడ్డ చదువు మాన్పించుటయో, పెండ్లి నిశ్చయించుటయో ఆ మొదటి పంక్తిలోనే తేలిపోవును. వంట చేసినవారి కచట మాట లేదు. ఎవరి చదువు మానినదో ఆ పిల్లకును లేదు. ఇది మదరాసు బోర్డే గదా!

ఇంగ్లీషువారు బల్లపై నన్నమునకును, బల్లకడ నాలోచనకును ఒక్క పేరే పెట్టిరి. కలసి తినువారే కలసి యాలోచింప గలరనుట మాత్ర మే జాతికైనను చెల్లును. పాఠకులు తమ యిండ్లలో బల్ల లేకున్నను చింతింప నక్కఱలేదు, చాప చాలును. ఈ రాత్రి భోజనమునకు ఇంటివా రందఱు ఒక్క పంక్తిని గూర్చుండి, ఇంటి లెక్క నచటనే విప్పి చెప్పుకొందురు గాక.