వెండి జోళ్ళు, కెంపు జోళ్ళు

పిల్లల పుస్తకాన్ని సినిమాగా తీసినప్పుడల్లా ఒకే తగవు వస్తుంది. పుస్తకం చదివినవారు "ఇది మా కథ కాదు" అంటారు. సినిమా తీసినవారు "పుస్తకం వేరు, తెర వేరు" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం వుంది. కాని యీ తగవు ఎంతకాలం సాగినా ఏమీ తేలదు; అది పోలికల దగ్గరే ఆగిపోతుంది గనక. ఏది మారిందని మాత్రమే అడిగి వూరుకోకుండా, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎవరి డబ్బుతో మార్చారు అని అడిగినప్పుడు ఆ ప్రశ్న చరిత్రలోకి వస్తుంది. అలా అడగడానికి అన్నిటికన్నా అనువైన వుదాహరణ ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో షికాగోలో ప్రచురించిన ఓజ్ మాయావి కథ, మెట్రో గోల్డ్విన్ మేయర్ కంపెనీ 1939లో దానిమీద తీసిన సినిమా.

బామ్ 1888లో డకోటా ప్రాంతంలోని అబర్డీన్ అనే చిన్న పట్నానికి వెళ్ళి దుకాణం పెట్టాడు. వానలు లేక రైతులు చితికిపోయారు. రైతులతోబాటు దుకాణమూ మునిగింది. తర్వాత నడిపిన పత్రిక కూడా నిలవలేదు. 1891లో షికాగో చేరాడు. అతని కథ మొదటి అధ్యాయంలో కాన్సస్ బూడిదరంగులో వుంటుంది. నేలా, గడ్డీ, ఇల్లూ, చివరికి పినతల్లి ఎమ్ కళ్ళూ చెంపలూ కూడా ఎండకూ గాలికీ రంగు పోగొట్టుకున్నాయి. ఆ వర్ణన డకోటాలో అతను కళ్ళారా చూసిన కరువునుంచి వచ్చిందనుకోవడం తప్పు కాదు.

అంతమాత్రాన బామ్‌ను ప్రజల రచయితగా ఎత్తి కూచోబెట్టనక్కరలేదు. 1890 డిసెంబరులోనూ, వూండెడ్ నీ మారణకాండ జరిగిన కొద్ది రోజులకే 1891 జనవరిలోనూ, అతను తన పత్రికలో అమెరికా ఆదివాసుల్ని సమూలంగా తుడిచిపెట్టాలని సంపాదకీయాలు రాశాడు. ఎండిన పొలంలో రైతు కష్టాన్ని చూసిన కంటికే, ఆ పొలం ఎవరి దగ్గర లాక్కున్నదో కనిపించలేదు. ఇది దాచి అతన్ని మెచ్చుకోవడం విమర్శ కాదు. అయితే రచయిత పరిమితి రచనకు వున్న అర్థాన్నంతా చెరిపివెయ్యదు. ఓజ్ కథలో అతను చూసిన లోకం ముద్ర వుంది.

ఆ ముద్ర ఎలాంటిది? రేకు మనిషి కథ చూడండి. అతను మొదట మామూలు కట్టెలు కొట్టేవాడు. ఒక పిల్లను ప్రేమించి, మంచి ఇల్లు కట్టుకున్నాక పెళ్ళాడాలని రాత్రింబవళ్ళు పనిచేశాడు. మంత్రగత్తె అతని గొడ్డలికి మంత్రం వేసింది. అతని పనిముట్టే అతని కాలు నరికింది, తర్వాత రెండోకాలు, చేతులు, తల. చివరకు మొండాన్ని రెండుగా చీల్చింది. ఒక్కొక్క అవయవం పోయినప్పుడల్లా రేకు పనివాడు రేకుది అమర్చిపెట్టాడు. ఆఖరుకు మనిషి మొత్తం రేకయ్యాడు. అతని గుండె పోయింది, దానితో ప్రేమా పోయింది. ఇక గొడ్డలి జారినా బాధ లేదు. యంత్రయుగంలో శ్రామికుడి గతిని పిల్లలకు ఇంతకన్నా సూటిగా చెప్పిన కథలు అరుదు. బామ్ దాన్ని అలా వుద్దేశించాడో లేదో మనకు ముఖ్యం కాదు. కథ అలా వుంది.

సినిమాలో యీ కథ లేదు. అక్కడ రేకు మనిషి తుప్పుపట్టి నిలబడ్డాడు, చేసినవాడు గుండె పెట్టడం మరచిపోయాడు, అంతే. ఒకప్పుడు ప్రాణమున్న మనిషి అన్న మాటే పోయింది. ఆ వేషానికి మొదట ఎన్నుకున్న నటుడు బడీ ఎబ్సెన్ ముఖానికి పూసిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్పత్రి పాలయ్యాడు. కంపెనీ అతని స్థానంలో జాక్ హేలీని పెట్టుకొని పని సాగించింది. మంత్రగత్తె వేషం వేసిన మార్గరెట్ హామిల్టన్ మంటల దృశ్యంలో ముఖమూ చెయ్యీ కాలి ఆరు వారాలు ఇంట్లో వుండవలసివచ్చింది. స్క్రిప్టులోనుంచి తీసేసిన కథ స్టూడియోలో జరిగింది.

ఇక జోళ్ళ సంగతి. పుస్తకంలో డొరొతీకి దొరికినవి వెండి జోళ్ళు. సినిమాలో కెంపు జోళ్ళు. పసుపు ఇటుకల బాటమీద వెండికన్నా ఎరుపు బాగా అగుపిస్తుంది; టెక్నికలర్‌కు పెట్టిన ఖర్చు కళ్ళకు కనిపించాలి. 1938లో స్క్రిప్టు రాస్తున్నప్పుడే యీ మార్పు చేశారు. సాంకేతిక కారణం నిజమే. కాని వెండికి అప్పటి అమెరికాలో ఒక చరిత్ర వున్నది. 1890లలో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు, బంగారు ప్రమాణం బ్యాంకులవాళ్ళకే లాభమని, వెండి నాణేలు స్వేచ్ఛగా ముద్రించాలని పెద్ద వుద్యమం నడిపారు. 1896 అధ్యక్ష ఎన్నిక దాదాపు యీ సమస్యమీదనే జరిగింది. హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే హైస్కూలు ఉపాధ్యాయుడు 1964లో ఒక వ్యాసం రాసి, బంగారు బాటమీద నడిచే వెండి జోళ్ళు ఆ వుద్యమానికి ప్రతీకలని వాదించాడు. బామ్ మనసులో అది వుందనడానికి రుజువు లేదు. అయినా ఒక వుపాధ్యాయుడు ఆ పుస్తకం ఆధారంగా తన విద్యార్థులకు రైతు వుద్యమ చరిత్ర చెప్పగలిగాడు. కెంపు జోళ్ళు పట్టుకొని ఎవరూ ఆ పాఠం చెప్పలేరు.

పచ్చల నగరం విషయమూ ఇలాంటిదే. పుస్తకంలో ఆ నగరంలోకి వెళ్ళే ప్రతివారికీ ద్వారపాలకుడు పచ్చ కళ్ళద్దాలు తగిలించి తాళం వేస్తాడు. నగరం నిజంగా అంత పచ్చగా వుండదు. ప్రజలు అలా చూడడానికి అలవాటుపడ్డారు. పాలకుడు మాయావి కాడు, ఒమాహా నుంచి బెలూనులో కొట్టుకొచ్చిన గారడీవాడు. పాలన అంటే కళ్ళకు తాళం వెయ్యడమని పదేళ్ళ పిల్లకు కూడా అర్థమయ్యే బొమ్మ అది. సినిమాలో గారడీవాడు అలాగే దొరికిపోతాడు, కాని కళ్ళద్దాలు లేవు. నగరం నిజంగానే పచ్చన. భ్రమను బయటపెట్టే కథ భ్రమను అమ్ముకునే పరిశ్రమ చేతికి వచ్చేసరికి, కళ్ళద్దాలు పాత్రల కళ్ళమీదినుంచి ప్రేక్షకుల కళ్ళమీదికి మారాయి.

సినిమా చేసిందంతా చెడుపేనని నేననను. దాని పాటలు రాసిన యిప్ హార్బర్గ్ ఆర్థిక మాంద్యంలో రోడ్డున పడిన కార్మికుడి గొంతుతో 1932లో ప్రసిద్ధమైన పాట రాసినవాడు. ఓజ్ పుస్తకంలో ఇంద్రధనుస్సు లేదు. అది సినిమా పాటతో వచ్చింది. బూడిద నేలమీద నిలబడిన పిల్ల రంగుల లోకాన్ని కోరుకోవడం హార్బర్గ్ కానుక. పుస్తకంలో దిష్టిబొమ్మ తలలోకి మాయావి తవుడూ సూదులూ కూరుతాడు. సినిమాలో అతనికి ఒక డిగ్రీ పట్టా ఇస్తాడు. మనలో పట్టాలు ఇచ్చేవాళ్ళమూ పుచ్చుకునేవాళ్ళమూ చాలామంది వున్నాం కాబట్టి, యీ ఎత్తిపొడుపు పుస్తకంలోదానికన్నా పదునైనదని ఒప్పుకోక తప్పదు. డొరొతీ కుక్కను చంపించడానికి షెరీఫ్ వుత్తరువు తెచ్చే మిస్ గల్చ్ పుస్తకంలో లేదు. ఆ జిల్లాలో సగం ఆమెదే. 1939 ప్రేక్షకులకు అటువంటి భూస్వామిని పరిచయం చెయ్యనక్కరలేదు.

కాని భూస్వామిని చూపించిన చేతితోనే సినిమా ఆమెను మాయం చేసింది. అసలు మార్పు ఇక్కడ వుంది. పుస్తకంలో ఓజ్ నిజంగా వున్న దేశం. డొరొతీ నిజంగా వెళ్ళి వచ్చింది; ఆమె తిరిగివచ్చేసరికి హెన్రీ బాబాయి తుపానుకు పోయిన ఇంటి స్థానంలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. సినిమాలో ఓజ్ తలకు దెబ్బ తగిలిన పిల్లకు వచ్చిన కల. దిష్టిబొమ్మా, రేకు మనిషీ, సింహమూ పొలంలో పనిచేసే ముగ్గురు కూలీలే. కల చెదిరాక డొరొతీ నేర్చుకున్న పాఠం: మనసు కోరేది తన పెరట్లో లేకపోతే, దాన్ని తాను అసలు పోగొట్టుకోనే లేదు. ఇంటివంటి చోటు లేదన్న మాట బామ్ డొరొతీ కూడా అన్నదే. అయితే దిష్టిబొమ్మ దగ్గర మాటవరసకు అన్నది. సినిమా దాన్ని కథంతటికీ నీతిగా చేసింది.

ఆ నీతి ఎప్పుడు చెప్పారు? అమెరికా మైదానాల్లో దుమ్ము తుపానులు లేచి, పొలాలు బ్యాంకుల పాలై, వేలాది కుటుంబాలు సామాను బండ్లకెత్తి పడమటికి పోయిన దశాబ్దం చివర. స్టయిన్‌బెక్ ఆ వలస మీద రాసిన నవల కూడా 1939లోనే వచ్చింది. ఒక పుస్తకం ఇల్లు ఎందుకు పోయిందని అడుగుతున్న ఏడాదిలోనే, ఒక సినిమా ఇల్లు వదలవద్దని చెబుతున్నది.

బామ్ స్వయంగా యీ ప్రశ్నకు వేరే జవాబు చెప్పాడు. 1910లో వచ్చిన ఆరో ఓజ్ పుస్తకంలో, కొత్త ఇంటికోసం చేసిన తాకట్టు అప్పు తీర్చలేక హెన్రీ దంపతులు పొలం పోగొట్టుకునే స్థితికి వస్తారు. డొరొతీ వారిని ఓజ్‌కు తీసుకుపోతుంది. అక్కడ డబ్బు లేదు, బీదలు లేరు. ఎవరికి కావలసింది వారికి ఇరుగుపొరుగు ఇస్తారు. సగం కాలం పని, సగం కాలం ఆట. దానిపైన ఒక మంచి రాణి వుంటుంది గనక ఇది వూహాలోక సోషలిజమే, పోరాడి గెలిచింది కాదు. అయినా పొలం పోయిన రైతుకు "మరో లోకం వుంది" అన్నది పుస్తకం. "అది కల, పడుకో" అన్నది సినిమా.

సినిమాకు 27 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. తొలి విడుదలలో లాభం రాలేదు. దాన్ని ఇంటింటి కథ చేసింది టెలివిజన్, 1956 నవంబరు 3న మొదలుపెట్టి. అప్పటికి హార్బర్గ్ కమ్యూనిస్టు అనుమానితుల నల్లజాబితాలో వున్నాడు. సినిమాలలో అతనికి పని లేదు. పాట అందరి గదుల్లోకీ వచ్చింది, పాట రాసినవాడు గడప బయట నిలబడ్డాడు. మరుసటి యేడు, 1957లో, డెట్రాయిట్ నగర గ్రంథాలయ డైరెక్టరు తమ పిల్లల శాఖల్లో ఓజ్ పుస్తకాలు ఎందుకు లేవో చెబుతూ, పిల్లల్ని పైకెత్తే గుణం వాటిలో లేదన్నాడు. ఇలా ఒక తరానికి ఓజ్ అంటే సినిమాయే అయింది.

ఆ 1956లోనే అమెరికాలో మొదటి పుస్తకం కాపీహక్కు గడువు తీరింది. వెండి జోళ్ళు ప్రజలందరివీ అయ్యాయి. కెంపు జోళ్ళు మాత్రం కంపెనీవి. 1985లో డిస్నీ సంస్థ మరొక ఓజ్ సినిమా తీసి, కెంపు జోళ్ళు చూపించడానికి మెట్రో గోల్డ్విన్ మేయర్‌కు డబ్బు చెల్లించవలసివచ్చింది. ఒక చిన్న మార్పు, రంగు మార్పు, సొత్తుగా మారడమంటే ఇదే.

వుపాధ్యాయులు యీ సినిమా పిల్లలకు చూపించవద్దని నేననను. చూపించండి, ఆ తర్వాత పుస్తకంలోని రేకు మనిషి కథ చదివి వినిపించండి. ఇది సినిమాలో ఎందుకు లేదని పిల్లల్నే అడగండి. ఆ ప్రశ్న చాలు, కళ్ళద్దాల తాళం వదులవుతుంది.

పుస్తకం చివర డొరొతీ ఆకాశంలో తిరిగివస్తూ వుండగా వెండి జోళ్ళు ఎడారిలో జారిపడిపోతాయి. వాటిని ఎవరూ దాచుకోలేదు, ఎవరూ అమ్ముకోలేదు. సినిమాలో వాడిన కెంపు జోళ్ళ జత ఒకటి 2024 డిసెంబరులో వేలానికి వచ్చి, సినిమా మొత్తానికి అయిన ఖర్చుకు పది రెట్ల కన్నా ఎక్కువకు, 2 కోట్ల 80 లక్షల డాలర్లకు పాట పోయింది.