పిల్లల పత్రికలో పుట్టిన డిటెక్టివ్

బెంగాలీలో అపరాధ పరిశోధక సాహిత్యానికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో ప్రియనాథ్ ముఖోపాధ్యాయ్ అనే పోలీసు దరోగా తన ఉద్యోగానుభవాలనే కథలుగా రాసి పాఠకులకు ఈ రుచి చూపించాడు. 1932లో శరదిందు బంద్యోపాధ్యాయ్ సృష్టించిన బ్యోంకేశ్ బక్షీ దానికి సాహిత్య గౌరవం తెచ్చాడు. అయితే బ్యోంకేశ్ ప్రపంచం పెద్దవాళ్లది. పిల్లలకు హేమేంద్రకుమార్ రాయ్ సాహస కథలు వేరే ఉండేవి. ఒకే ఇంట్లో తండ్రీ కొడుకూ చెరో పుస్తకం చదువుకునే కాలమది. ఆ గోడను పడగొట్టిన ఘనత సత్యజిత్ రేదని నా నమ్మకం.

అందుకు బీజం ఆయన పుట్టకముందే పడింది. తాత ఉపేంద్రకిశోర్ కలకత్తాలో 1913లో ‘సందేశ్’ అనే పిల్లల పత్రిక పెట్టారు. ముద్రణలో, ముఖ్యంగా హాఫ్‌టోన్ బ్లాకుల తయారీలో, దేశంలోనే అగ్రగణ్యుడాయన. 1915లో ఆయన పోయాక కొడుకు సుకుమార్ పత్రికను తన హాస్యంతో వెలిగించి 1923లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. అప్పటికి సత్యజిత్‌కు మూడేళ్లు నిండలేదు. తరవాత ప్రెస్సూ పోయింది, పత్రికా ఆగిపోయింది.

1961లో, ‘పథేర్ పాంచాలి’తో ప్రపంచ ఖ్యాతి గడించిన సత్యజిత్, కవి సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి ఆ పత్రికను మళ్లీ నిలబెట్టాడు. పత్రిక అన్నాక పేజీలు నిండాలి కదా! బొమ్మలు గీయడంతోపాటు కథలూ రాయవలసి వచ్చింది. ఆ ఏడే ఆయన కలం నుంచి శాస్త్రవేత్త ప్రొఫెసర్ శంకు పుట్టాడు. 1965లో డార్జిలింగ్ నేపథ్యంగా డిటెక్టివ్ ఫెలూదా వచ్చాడు. ఆ తొలి కథలో ఒక వృద్ధుడికి అచ్చు అక్షరాలు కత్తిరించి అతికించిన బెదిరింపు ఉత్తరం అందుతుంది. ఇల్లంతా వణికిపోతుంది. ఆరా తీస్తే అది ఎప్పుడో బడి రోజుల్లో తగిలిన దెబ్బకు ముసలితనంలో తీర్చుకున్న కక్ష! హత్య లేదు, రక్తం లేదు, అయినా చదివేవాడు పుస్తకం కింద పెట్టలేడు. పసివాళ్లు చదువుతారన్న ఎరుకతో కామాన్నీ క్రౌర్యాన్నీ దూరం పెట్టడం వల్లనే రే ఉత్కంఠకు వేరే దారులు వెతికాడు. ఊళ్లు, చరిత్ర, పాత వస్తువులు, మనుషుల వింత అలవాట్లు ఆయన కథల్లో ఇంధనమయ్యాయి. ‘బాద్‌షాహీ ఆంగ్టి’లో లక్నో నగరం, ఔరంగజేబు ఉంగరం అలా వచ్చినవే.

1970 నుంచి ఫెలూదా నవలలు పెద్దల పత్రిక ‘దేశ్’ దుర్గాపూజ ప్రత్యేక సంచికకెక్కడం అసలైన మలుపు. కథ చెప్పేది అప్పటికీ ఫెలూదాకు తమ్ముడి వరసయ్యే కుర్రవాడు తోప్షేయే. రాతతీరూ మారలేదు, చదివేవాళ్లే పెరిగారు. 1971లో ‘సోనార్ కెల్లా’తో జటాయు వచ్చి చేరాడు. చౌకబారు థ్రిల్లర్లు రాసి డబ్బు గడించిన ఆ అమాయకుడు ఒంటె పొట్టలో నీళ్లు దాచుకుంటుందని రాస్తే ఫెలూదా సవరిస్తాడు. థ్రిల్లర్ రాసేవాడు వాస్తవాన్ని గౌరవించాలన్న రే పట్టుదల ఆ చిన్న ముచ్చటలో కనబడుతుంది. ఫెలూదా కాల్చే సిగరెట్ చార్మినార్, హైదరాబాద్ వజీర్ సుల్తాన్ కంపెనీ సరుకు! అంత చిన్న వివరాన్నీ ఆయన వదల్లేదు.

‘సోనార్ కెల్లా’ను 1974లో, ‘జయ్ బాబా ఫేలూనాథ్’ను 1979లో ఆయనే సినిమాలుగా తీశాడు. ఫెలూదాగా సౌమిత్ర చటర్జీ, జటాయుగా సంతోష్ దత్తా బెంగాలీల మనసుల్లో స్థిరపడ్డారు. 1988లో సంతోష్ దత్తా మరణించాక ఆయన లేని ఫెలూదా సినిమా రేకు అక్కర్లేకపోయింది. కథలు మాత్రం ఆపలేదు. 1992లో తాను వెళ్లిపోయేదాకా రాశాడు, పూర్తయినవి 35. ఆ తరవాత కొడుకు సందీప్ రే 2003లో ‘బొంబాయేర్ బొంబేటే’తో, సవ్యసాచి చక్రవర్తి కథానాయకుడిగా, ఫెలూదాను మళ్లీ వెండితెరకెక్కించాడు.